భాగస్వామ్య రేఖకు దిగువన

మా విశ్వవిద్యాలయంలో స్వచ్ఛంద సేవను నిర్బంధం చేసిన ఏడాదే నేను ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరాను. ఆ రెండింటికీ సంబంధమేమీ లేదు. నేను చేరింది అర్థశాస్త్రం మీద ప్రేమతోనూ కాదు. డిగ్రీ అయిపోయాక "ఇప్పుడేం చేస్తున్నావు" అని అడిగేవాళ్ళకు ఇంకో రెండేళ్ళ పాటు చెప్పుకోవడానికి ఒక జవాబు కావలసి వచ్చింది. బొబ్బిలి దగ్గర రైస్ మిల్లులో కాటా చూసే మా నాన్న మాత్రం బస్తాలు తూస్తూ, "మావోడు పెద్ద సదువుకెళ్ళాడు" అని వచ్చిన రైతుకల్లా చెప్పుకునేవాడు.

చేరిన వారానికే నోటీసు బోర్డులో ఉత్తర్వు వెలిసింది. "ఇందుమూలముగా యావన్మంది విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఈ విద్యా సంవత్సరము నుండి ప్రతి విద్యార్థియు ఇష్టపూర్వకముగా, స్వచ్ఛందముగా, విధిగా సేవ చేయవలెను. ఇష్టపూర్వకముగా చేయనివారికి పట్టా ఇవ్వబడదు."

దీన్ని రాసినవారు విద్యార్థి జీవన సమృద్ధి విభాగం డీన్, ఆచార్య చిదంబరేశ్వరరావు గారు. ఆయన చెడ్డవారు కాదు. విద్యార్థి అనేవాడు ఎక్కడైనా ఊరికే కూర్చుని కనిపిస్తే ఆయనకు నిజంగానే బాధ కలిగేది. చేసిన సేవకు సేవాంకాలు ఇస్తారు. తగినన్ని సేవాంకాలు ఉంటేనే పట్టా. సేవాంకాలు సంపాదించాలంటే ముందు ఏదో ఒక క్లబ్బులో చేరాలి. అందుకోసం ఆడిటోరియం ముందు షామియానాలు వేసి పరిచయ మేళా పెట్టారు.

మేళాకి నేనూ వెళ్ళాను. వేరుశనగ చిక్కీ పంచుతున్నారని స్వామి చెప్పాడు. స్వామి మా గదిలో ఉండేవాడు. వెళ్ళిన గంటలోనే అతను ఫొటోగ్రఫీ క్లబ్బులో చేరి మెడలో కెమెరా వేసుకుని తిరిగొచ్చాడు. నేను నాటకం వాళ్ళ బల్ల దగ్గర ఆగాను. "మీరేం చేయగలరు?" అని అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను. చర్చావేదిక వాళ్ళూ అదే అడిగారు, పర్యావరణం వాళ్ళూ అదే అడిగారు. యోగా వాళ్ళ దగ్గరైతే ఏమీ చేయకుండా కూర్చోవచ్చేమోనని ఆశపడ్డాను గానీ, అందులోనూ ఏదో చేయాలట. చిక్కీ తిని వచ్చేశాను. ఆ తరవాత క్యాంటీను ముందున్న పిట్టగోడ మీద కూర్చుని, అందరూ హడావుడిగా తిరుగుతుంటే చూడటం నా దినచర్య అయింది.

మొదట్లో విద్యార్థుల సేవంతా యూనివర్సిటీ గోడ అవతలి ఊరి మీద పడింది. దసరా సెలవులకు ముందు ఆ ఊరి సర్పంచి పైడమ్మ డీన్ గారి దగ్గరకు వచ్చింది. అప్పుడు నేను ఆఫీసులో స్కాలర్‌షిప్ కాగితం కోసం నిలబడి ఉన్నాను.

"దండాలు బాబూ. మా ఊరోళ్ళు సెప్పమన్నారు, సెప్పడానికొచ్చాను," అంది. "మీ పిల్లలు మా ఈదులు ఊడ్సినారు, బాగుంది. మళ్ళీ ఊడ్సినారు. రోజూ ఊడ్సి ఊడ్సి మట్టి పోయి రాళ్ళు తేలినాయి. మా అత్తకి సదువు సెప్తన్నారు. ఒకలొచ్చి 'అ' నేర్పి ఎళ్తే, మర్నాడు ఇంకోలొచ్చి మళ్ళీ 'అ' కాడినుంచే మొదలెడతన్నారు. ఆవిడ 'ఆ' దాకా ఎప్పుడెళ్తాదో తెలీదు. నిన్న మీ పిల్లల్ని సూసి మంచం కింద దూరింది. కొన్నాళ్ళు మమ్మల్ని మా మానాన ఒగ్గేయండి."

డీన్ గారు ఆమెకు టీ ఇప్పించి పంపారు. ఆ సాయంత్రం సమావేశంలో మాట్లాడుతూ, "సేవకు అవధులు లేవు. సేవ పొందేవారి ఓర్పుకు మాత్రం అవధులున్నట్లు క్షేత్రస్థాయి నివేదికలు సూచిస్తున్నవి," అన్నారట. అలా ఊరు పోయింది. ఏడాది సగమైనా కాలేదు. వందల మంది విద్యార్థులు చీపుళ్ళు, పలకలు, బ్యానర్లు పట్టుకుని, సేవాంకాల కోసం ఎవరికి మేలు చేయాలో తెలియక ప్రాంగణమంతా తిరుగుతున్నారు. నేను పిట్టగోడ మీదే ఉన్నాను.

సెలవుల తరవాత డీన్ గారి నుంచి నాకు పిలుపొచ్చింది. ఏ క్లబ్బులోనూ లేనందుకు పేరు తీసేస్తారనుకుని, ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం దారిలోనే తయారుచేసుకున్నాను.

"కూర్చోండి త్రినాథ్ గారూ," అన్నారు. అప్పటిదాకా నన్ను ఎవరూ గారూ అనలేదు. "మీరు ఏ క్లబ్బులోనూ లేరు."

"లేను సార్. ఈ వారం చేరదామనే..."

"తొందరపడకండి." ఆయన చేయి పైకెత్తారు. "మా సర్వే ప్రకారం ఈ ప్రాంగణంలో భాగస్వామ్య రేఖకు దిగువన జీవిస్తున్న ఏకైక విద్యార్థి మీరు. మిత్రబృందం శూన్యం, అభిరుచులు శూన్యం, నాయకత్వ లక్షణాలు శూన్యం. ఇది మీ తప్పు కాదు. ఇది మా అవకాశం."

నాకు కొంచెం అవమానంగా అనిపించింది. కానీ ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

"నేటి నుండి మీరు విశ్వవిద్యాలయ అధికారిక లబ్ధిదారు. మిమ్మల్ని సమగ్రంగా ఉద్ధరిస్తాం. మీ సేవా బృందానికి నాయకురాలు ఈమె."

అప్పుడే లోపలికి వచ్చిన అమ్మాయి పేరు జలజ. వృక్షశాస్త్రం ఎం.ఎస్సీ., పలాస వైపు అమ్మాయి. ఆమెను ఎరగనివాళ్ళు ప్రాంగణంలో లేరు. నాటకం, పర్యావరణం, చర్చావేదిక, రక్తదానం, ఏ క్లబ్బు పటం తీసినా ముందు వరసలో ఉండేది. ఆమె నడక పరుగుకి కొంచెం తక్కువగా ఉండేది.

"నమస్తే అండీ," అంది నాతో. "మీకు పొద్దున టిఫిను ఏ వేళకి కావాలి?"

నేను ఆత్మాభిమానం గలవాణ్ణే. ఒక పూటంతా వద్దన్నాను. మర్నాడు ఉదయం ఉప్మా పెసరట్టు గదికి వచ్చింది. పక్కన అల్లం చట్నీ ఉంది. అభిమానం ఆ పళ్ళెం దగ్గర ఆగిపోయింది.

మొదటి నెల నా జీవితంలో నేనెరగని సుఖం. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి పెట్టేవారు. పాఠాలు విని నోట్సు రాసి తెచ్చేవారు, ఆ నోట్సు చదివి వినిపించేవారు, నేను నిద్రపోతే దుప్పటి కప్పేవారు. మా నాన్న ఫోను చేసి ఎలా ఉన్నావురా అంటే, "యూనివర్సిటీ నన్ను చాలా బాగా చూసుకుంటోంది నాన్నా" అన్నాను. ఫోను పెట్టకముందే ఆయన ఆ మాట కాటా దగ్గరున్న రైతుకి చెప్పేశాడు. ప్యాంట్లు బిగుతయ్యాయి. బృందంలో ఒకతను వాటిని వదులు చేయించి తెచ్చాడు.

తరవాత చలికాలం వచ్చి, సెమిస్టరు ముగింపు దగ్గరపడింది. సేవాంకాలు లేనివాళ్ళందరూ ఒక్కసారిగా మేలుకున్నారు.

గది ముందు వరస మొదలైంది. స్వామిని పక్క గదికి మార్చేశారు. నా గదిలో మనుషులు ఎక్కువై అతనికి మంచం పట్టలేదు. క్యాంటీనుకి వెళ్ళాలంటే నన్ను రోడ్డు దాటించేవారు. అటు దాటించిన బృందం అలా వెళ్ళగానే, ఇటు దాటించే బృందం వచ్చి వెనక్కి దాటించేది. ఒక్కోరోజు టీ తాగకుండానే గదికి చేరేవాణ్ణి. మనస్తత్వశాస్త్రం వాళ్ళు నాకు బాల్యంలో ఏదో జరిగిందన్నారు. ఏమీ జరగలేదంటే, అదే అసలు సమస్య అన్నారు. నాటకం వాళ్ళు సోమరితనం మీద వీధి నాటకం తయారుచేసి, నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి ఆడారు. అందులో సోమరి చివర్లో చచ్చిపోతాడు. అది చూసి నేనే చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. రక్తదానం వాళ్ళు రెండు రోజులకోసారి వచ్చి, నాకు ఒంట్లో ఎలా ఉందని మర్యాదగా అడిగి, బాగానే ఉందంటే నిట్టూర్చి వెళ్ళేవారు.

ఒకరోజు తట్టుకోలేక, తిన్న పళ్ళెం నేనే కడుక్కున్నాను. గంట తిరక్కుండా డీన్ గారి దగ్గర నిలబడ్డాను.

"త్రినాథ్ గారూ, మీరు స్వయంగా పళ్ళెం శుభ్రపరచినట్లు సమాచారం."

"చిన్న పళ్ళెం సార్."

"చూడండి. మీ స్వావలంబనే మా అంతిమ లక్ష్యం. అయితే ఈ విద్యా సంవత్సరంలో కాదు. మీరు అకస్మాత్తుగా మెరుగుపడితే ఇంతమంది భవిష్యత్తు ఏం కావాలి?"

ఎలాగూ ఆయన ముందు నిలబడ్డాను కదా అని, చాన్నాళ్ళుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాను. "సార్, మరి నా సేవాంకాల సంగతి? నాకూ పట్టా కావాలి కదా."

ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "లబ్ధిదారు సేవకుడు కాజాలడు. సేవకుడు లబ్ధిదారు కాజాలడు. నిబంధన స్పష్టంగా ఉంది. మీ విషయమై ఉపసంఘం వేయడానికి ఒక సంఘాన్ని వేస్తున్నాం."

అంటే నాకు పట్టా రాదు. రెండేళ్ళు గడిచాక మిల్లు కాటా దగ్గర నాన్న పక్కన నిలబడి, వచ్చిన రైతుకల్లా ఏమని చెప్పాలి? "నన్ను అందరూ చాలా బాగా చూసుకున్నారు" అనా? ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు మొదటిసారి నిద్ర పట్టలేదు. వెంటనే ఒకమ్మాయి వచ్చి జోలపాట పాడింది. సంగీతం క్లబ్బు.

సంక్రాంతి వెళ్ళాక జలజ రావడం మానేసింది. బృందాన్ని వేరే అబ్బాయి నడుపుతున్నాడు. వాడికి నా అల్లం చట్నీ సంగతి తెలియదు. ఆమె ఏమైందని నేను ఎవరినీ అడగలేదు. అడగడం కూడా అలవాటు తప్పిపోయింది. స్వామే ఒకరోజు మాటల్లో అన్నాడు.

"జలజకి పచ్చకామెర్లటరా. హెల్త్ సెంటర్లో ఉంది. హాస్టల్ నీళ్ళ వల్లేనట."

"మంచినీళ్ళ మీద ర్యాలీ తీసింది ఆమె పర్యావరణం వాళ్ళేగా?"

"ఆ ర్యాలీలో తాగిన నీళ్ళే అంటున్నారు."

"ఎవరున్నారు ఆమె దగ్గర?"

"ఎవరుంటారు? అందరికీ నీ దగ్గర డ్యూటీలు కదా. పైగా ఆమెకి చేస్తే సేవాంకం రాదు. వాలంటీరుగా నమోదైంది. వాళ్ళమ్మకి చెప్పొద్దందట. ఆవిడ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది, మానేసి వస్తే పని పోతుందని." స్వామి కెమెరా అద్దం తుడుచుకుంటూ, "నేను వెళ్దామనుకున్నాను గానీ, నీ దినచర్య మీద ఫొటో ప్రదర్శన ఉంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నా ముందు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు అన్నం కలుపుతున్నారు, ఒకరు విసురుతున్నారు. ముద్ద నోట్లోకి పోలేదు. అది మంచితనం అనుకోవద్దు. నాకు చట్నీ ఎలా ఇష్టమో ఎరిగిన ఒకే ఒక్క మనిషి ఎక్కడో పథ్యం తిండి కూడా లేకుండా పడుకుని ఉందన్న సంగతి నన్ను చాలా ఇబ్బంది పెట్టింది, అంతే. ఇబ్బందిని తొలగించుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు.

నాకు జరిగే సేవకు ఒకే ఒక్క హద్దు ఉంది. స్నానాల గది లోపలికి ఎవరూ రాకూడదని జలజే నియమం పెట్టింది. ఆ గదికి వెనక కిటికీ ఉంది. దాని అవతల పర్యావరణం వాళ్ళు నా కోసం నాటిన మొక్కలు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. మర్నాడు స్నానానికని లోపలికి వెళ్ళి, నీళ్ళ పంపు విప్పేసి, కిటికీలోంచి మొక్కల్లోకి దూకాను. పెసరట్ల వల్ల ఒంటికి వచ్చిన బరువుతో మధ్యలో కొంతసేపు ఇరుక్కున్నాను. సాయానికి పిలుద్దామనే అనుకున్నాను.

మెస్‌లో వంట చేసే ఎర్రయ్య నన్ను చూసి గరిటె దించాడు.

"గంజి కావాలి ఎర్రయ్యా. పల్చగా, మజ్జిగ పోసి."

"ఎవరికి బాబూ?"

"నాకే."

"నీకు పొద్దున్న ఆరు ఇడ్లీలు అట్టుకెళ్ళినారు గదేటి."

"అరగలేదు."

నా పొట్ట వైపు చూసి నమ్మాడు. "నాకు సేతులు కాళీ లేవు. ఆ పొయ్యి మీద నువ్వే కాసుకో," అన్నాడు. నేను వంట చేయడం అదే మొదలు. అడుగంటింది. పైన తేలినదాన్ని క్యారియర్లో పోసుకుని బయల్దేరాను.

ఆరోగ్య కేంద్రంలో చివరి మంచం మీద జలజ ఉంది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది.

"ఏమైందండీ? టిఫిను రాలేదా?" అంది.

"వచ్చింది. ఇది నీకు."

క్యారియర్ బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఇద్దరం దాని వైపు చూస్తూ ఉన్నాం. కాసేపయ్యాక ఆమె, "ఏటి, నేను లేచి వడ్డించాలా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అది నేనే చేయాలని. ఇన్ని నెలలుగా గిన్నె ఎదురుగా ఉంటే ఎవరో వడ్డిస్తారని చూడటం తప్ప చేతులకు వేరే పని లేదు. గ్లాసులో పోస్తుంటే కొంత దుప్పటి మీద ఒలికింది.

ఆమె రెండు గుక్కలు తాగింది. "మాడింది," అంది. మళ్ళీ తాగింది. గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాక, కళ్ళు మూసుకుని, "ఇన్నాళ్ళూ ఇక్కడికి ఎవరూ రాలేదు," అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పింది.

మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. నా స్నానాలు రోజురోజుకీ పొడుగవుతున్నాయని బృందం వాళ్ళు సంతోషించారు. శుభ్రత మీద వాళ్ళు ఇచ్చిన ఉపన్యాసం పనిచేసిందనుకున్నారు. గంజి మాడటం తగ్గింది. కొబ్బరి బొండాం కొట్టించుకుని వెళ్ళడం, దుప్పటి మార్చడం, మందు వేళకి ఇవ్వడం వచ్చాయి. ఇవేమీ గొప్ప పనులు కావు. నాకు మాత్రం కొత్తవి.

ఒకరోజు జలజ అడిగింది. "నువ్వు ఏ క్లబ్బులోనూ ఎందుకు చేరలేదు?" అప్పటికి గారూ అండీ పోయాయి.

"ఏం చేయగలవని అడిగారు. తెలీలేదు."

ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. "నాకూ తెలీలేదు," అంది. "అందుకే అన్నిట్లోనూ చేరాను."

నేను గ్లాసులో బొండాం నీళ్ళు పోశాను. ఈసారి ఒలకలేదు.

దొరికిపోవడం నా తెలివితక్కువ వల్లే. ఒకరోజు ఆరోగ్య కేంద్రం వెనక కుళాయి దగ్గర కూర్చుని, తీరిగ్గా ఆమె క్యారియర్ తోముకుంటున్నాను. అక్కడ స్నానాల గదిలో ట్యాంకు ఖాళీ అయి పంపు ఆగిపోయింది. లోపల చప్పుడు లేదని బృందం తలుపు బద్దలు కొట్టింది. లబ్ధిదారు కనపడలేదు. ప్రాంగణమంతా గాలింపు మొదలైంది. కొందరు చెరువు వైపు పరిగెత్తారు. నాటకం వాళ్ళు మైకులో నా పేరు పిలిచారు. రక్తదానం వాళ్ళు సంతాపంగా ఉన్నా, సిద్ధంగా ఉన్నారు. చివరికి నన్ను కనిపెట్టింది స్వామి. అలవాటు కొద్దీ ఫొటో తీసి, అలవాటు కొద్దీ గ్రూపులో పెట్టాడు. అందులో నేను బొగ్గు అంటిన ముఖంతో, గిన్నె తోముతూ, నవ్వుతూ ఉన్నాను. నవ్వుతున్నానని అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు అత్యవసర విచారణ. డీన్ గారి పక్కన గణాంకశాస్త్రం ఆచార్యులు భానుమూర్తి గారు కూర్చున్నారు. నన్ను నిలబెట్టారు. జలజను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి గోడ పక్కన ఉంచారు. కిటికీ కింద విద్యార్థులు గుంపుగా చేరారు.

డీన్ గారు ఆరోపణ చదివారు. "అనుమతి లేకుండా, నమోదు లేకుండా, పర్యవేక్షణ లేకుండా, ఎవరూ చూడకుండా సేవ చేయుట. దీనికి తగిన శిక్ష ఏమిటో మా నిబంధనల్లో లేదు. ఇటువంటిది జరుగుతుందని మేము ఊహించలేదు."

"క్షమించండి సార్," అని భానుమూర్తి గారు అడ్డొచ్చారు. "శిక్షకు ముందు ఒక చిన్న లెక్క. ఇతను సేవ చేశాడని మనం నిర్ధారిస్తే, ఇతను సమర్థుడని నిర్ధారించినట్టే. సమర్థుడు లబ్ధిదారు కాజాలడు. లబ్ధిదారు కానివాడికి చేసినది సేవ కాజాలదు. అంటే ఈ ఏడాది ఇచ్చిన సేవాంకాలన్నీ చెల్లవు. అవి చెల్లకపోతే ఈ బ్యాచ్‌లో ఎవరికీ పట్టా లేదు." ఆయన గొంతు తగ్గించారు. "సోమవారం మన విశ్వవిద్యాలయానికి శ్రేణి ఇచ్చే మూల్యాంకన బృందం వస్తోంది."

కిటికీ కింద వాళ్ళకి ఈ మాట ఎలా చేరిందో గానీ, "ఒరేయ్ త్రినాథూ, ఏమీ చేయలేదని చెప్పరా బాబూ," అని స్వామి గొంతు వినిపించింది.

డీన్ గారు మంచినీళ్ళు తాగి, మొదట జలజ వైపు తిరిగారు. "అమ్మా, మీకు ఎవరైనా ఆహారం అందించారా?"

ఆమెకి ఏడాది మొదట్నుంచీ కూడబెట్టిన సేవాంకాలున్నాయి. అన్ని క్లబ్బుల వాళ్ళలోకీ ఎక్కువ ఆమెకే. నిజం చెబితే ముందు పోయేవి అవే. ఆమె నా వైపు చూడకుండా, "అన్నం వచ్చింది సార్. తిన్నాను," అంది.

"ఎవరు తెచ్చారు?"

ఆమె చేతులు కుర్చీ అంచుని గట్టిగా పట్టుకున్నాయి. చెప్పేస్తుందని నాకు అర్థమైంది. నోరు తెరిచింది కూడా.

"నేను కాదు సార్," అన్నాను.

ఏమీ చేయలేదని చెప్పడం నాకు కొత్త కాదు. ఇంట్లో, బళ్ళో, కాలేజీలో, ఎవరు అడిగినా అదే చెబుతూ వచ్చాను, ప్రతిసారీ అది నిజమే. మొదటిసారి అది అబద్ధం అయింది. మాడిన గంజి కూడా నాదేనని అరవాలనిపించింది.

డీన్ గారి ముఖం విప్పారింది. "మరి ఛాయాచిత్రం?"

భానుమూర్తి గారు ఫోను దగ్గరగా పెట్టుకుని పరిశీలించారు. "ఇందులో లబ్ధిదారు గిన్నె తోముతున్నట్టు కచ్చితంగా చెప్పలేం. గిన్నె చేతికి అంటుకుని సాయం కోసం ఎదురుచూస్తున్నట్టు కూడా ఉంది."

"సాయం కోసమే," అన్నారు డీన్ గారు. ఆ పూటే తీర్మానం చేశారు. కొమరాపు త్రినాథ్ అను లబ్ధిదారు ఎవరికీ, ఎన్నడూ, ఎట్టి సేవయూ చేసి ఉండలేదని, చేయజాలడని, ఇకముందు చేసినట్లు కనిపించినను అది సేవగా పరిగణింపబడదని ఏకగ్రీవంగా నిర్ణయించారు. ఇతరులకు సేవ చేసే అవకాశం కల్పించినందుకు నాకు ప్రత్యేకంగా సేవాంకాలు కూడా ఇచ్చారు. మా నాన్నకి పట్టా చూపించలేనేమోనన్న భయం తీరింది. కిటికీ కింద ఈలలు వేశారు. మూల్యాంకన బృందం సోమవారం వచ్చి, నన్ను తాకి చూసి, మా విశ్వవిద్యాలయానికి అత్యున్నత శ్రేణి ఇచ్చి వెళ్ళింది.

సెమిస్టరు అయిపోయి, సేవాంకాలు అందరికీ అందాక, నా గది ముందు వరస ఒక్క రోజులో మాయమైంది. స్వామి మంచం తెచ్చుకుని వెనక్కి వచ్చాడు. నాతో మాట్లాడటానికి కొంచెం సిగ్గుపడ్డాడు. "అదెలా కాస్తార్రా, గంజి?" అని మాత్రం అడిగాడు.

ఆరోగ్య కేంద్రానికి నేను ఇప్పుడు ముందు గుమ్మంలోంచే వెళ్తున్నాను. చేతిలో క్యారియర్ చూసినా ఎవరూ అడగరు. నేను ఏమీ చేయడం లేదని అందరికీ తెలుసు. జలజ కళ్ళు మెల్లగా తెల్లబడ్డాయి. ఆమె లేచి తిరగడం మొదలుపెట్టేసరికి, అదే హాస్టల్ నీళ్ళతో మొదటి ఏడాది పిల్లలు ఇద్దరు అవే మంచాల మీదకు వచ్చారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆమె వాళ్ళకి జ్వరం చూస్తోంది. మర్నాడు స్వామి బొండాలు తెచ్చాడు. కెమెరా తేలేదు. తరవాత ఇంకొకరు, ఇంకొకరు వచ్చారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. మేం కొందరం వెళ్ళి ఇంజనీరు ఆఫీసు ముందు కూర్చుంటే, నాలుగో రోజుకి నీళ్ళ ట్యాంకు కడిగించారు. ఆ కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఈ సంగతి చివరికి డీన్ గారి చెవిన పడింది. మళ్ళీ పిలిచారు.

"త్రినాథ్ గారూ, ప్రాంగణంలో నమోదు కాని కార్యకలాపం ఏదో నడుస్తోందని విన్నాను. చాలా సంతోషం. దీనికి ఒక పేరు పెడదాం, బ్యానరు చేయిద్దాం, సేవాంకాలు కేటాయిద్దాం. మీరు సంచాలకులుగా ఉండండి."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. కాస్త సేపు నాకు ఆశ కూడా కలిగింది. సంచాలకుడు అంటే నాన్న కాటా దగ్గర చెప్పుకోవడానికి బాగుంటుంది.

"కానీ సార్," అన్నాను, "నేను ఏ సేవా చేయజాలనని మీరే తీర్మానించారు."

ఆయన ఆలోచనలో పడ్డారు. తీర్మానాన్ని రద్దు చేస్తే ఏమవుతుందో భానుమూర్తి గారు చేసిన లెక్క ఆయన ముఖంలో వరసగా కనిపించింది. చివరికి తేలిగ్గా ఊపిరి వదిలారు.

"నిజమే. మీరు ఏమీ చేయడం లేదు."

"లేదు సార్."

"అలాగే కొనసాగించండి."

నమస్కారం పెట్టి బయటకు వచ్చాను. మెట్ల దగ్గర జలజ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటన్నారు?"

"మనం ఏమీ చేయడం లేదన్నారు."

"అయితే పద," అంది. "చల్లారిపోతోంది."